మెకానిక్ చీటీకి వ్యాఖ్యానం

పాత బుల్లెట్‌ను షెడ్డులో వదిలితే మెకానిక్ దాని చుట్టూ ఒకసారి తిరిగి, కిందకి వంగి చూసి, చేతికందిన కాగితం మీద నాలుగు ముక్కలు గిలికి ఇస్తాడు. విజయవాడ ఆటోనగర్‌లో ఇచ్చినా, ఇంకెక్కడ ఇచ్చినా ఆ చీటీ కాస్త అటూ ఇటూగా ఇలాగే ఉంటుంది:

“ఇంజిన్ అంతా చెమ్మ. హెడ్ కవర్, ట్యాపెట్ కవర్ ప్యాకింగులు. చైన్ కేసు లీకు. గేర్‌బాక్స్ గ్రీజు. ఇంజినాయిల్ 20-50, రెండు లీటర్లు. డ్రైన్ వాషర్లు. బ్రీదర్ చూడాలి. ఎనాబాండ్ ఒకటి.”

ఇంత చిన్న మూలానికి ఇంత వ్యాఖ్యానం అవసరమా అంటే, అవసరమే. ఈ చీటీ కంటికి కనిపించిన వరసలో రాసింది. మరక ఎక్కడ పెద్దదో అది ముందు, మిగతావి తర్వాత. కారణాల వరస వేరు. ఆ వరసలో చూస్తే చివర మొక్కుబడిగా రాసిన బ్రీదర్ మొదటికి రావాలి, మొదట రాసిన ప్యాకింగులు వెనక్కి పోవాలి. నేను ఆ వరసలోనే వెళ్తాను.

పాత బుల్లెట్

చీటీలో ఈ మాట లేదు, ఉండక్కర్లేదు. అయినా ఏ బండి గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ 350ని 1955లో మద్రాస్ మోటార్స్ వాళ్లు ఇక్కడికి తెచ్చి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో చేయించారు. రెడిచ్‌లో తయారీ ఆగిపోయాక కూడా ఇక్కడ అదే ఇంజిను దశాబ్దాల పాటు, 2010 దరిదాపుల దాకా నడిచింది. మనవాళ్లు సీఐ ఇంజిన్ అనేది దీన్నే. పేరుకు క్యాస్ట్ ఐరన్ గానీ పోత ఇనుముతో చేసింది సిలిండరు మాత్రమే. పైన హెడ్డు, కింద క్రాంక్‌కేసు అల్యూమినియం. వేడెక్కినప్పుడు అల్యూమినియం ఇనుముకు సుమారు రెండింతలు సాగుతుంది. కాబట్టి ఈ ఇంజినులో అతుకులు ఊరికే ఉండవు. ప్రతి ప్రయాణంలోనూ ఒకదాని మీద ఒకటి కాస్త జరుగుతూనే ఉంటాయి.

గుర్తుంచుకోవలసిన ఇంకో సంగతి, ఇందులో ఆయిల్ ఒకటి కాదు. ఇంజినుది ఒక గది, ఎడమ పక్క ప్రైమరీ చైను, క్లచ్చు ఉండేది ఇంకో గది, వెనక గేర్‌బాక్సు మూడోది. మూడింటికీ వేరు వేరు తిండి. ఆ తర్వాత వచ్చిన యూసీఈ ఇంజినులో ఒకే ఆయిల్ అన్నింటికీ తిరుగుతుంది. ఆ బండి మీద నేర్చుకున్న కుర్ర మెకానిక్కులు ఈ బండి దగ్గర తడబడేది ఇక్కడే.

బ్రీదర్ చూడాలి

ఈ ఇంజిను లోపలి కొలతలు 70 మిల్లీమీటర్ల బోరు, 90 స్ట్రోకు. పిస్టను కిందకి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న గాలికి 346 సీసీల మేర చోటు తగ్గిపోతుంది. నిమిషానికి మూడు వేల చుట్లంటే సెకనుకు యాభై సార్లు. ఒక సిలిండరు దిగుతుంటే ఇంకోటి పైకెళ్లి లెక్క సరిచేయడానికి ఇది రెండు సిలిండర్ల బండి కాదు. అంటే క్రాంక్‌కేసు సైకిలు పంపులా పనిచేస్తున్నట్టే. ఆ గాలికి దారి చూపించేది బ్రీదర్.

దారి అంటే ఉత్త కన్నం కాదు. గాలిని బయటికి పోనిచ్చి, తిరిగి లోపలికి రానివ్వని వాల్వు అది. మోడలును బట్టి కొన్నింటిలో సన్నటి రేకు బిళ్లలుంటాయి, కొన్నింటిలో రెండు పెదవులూ అతుక్కుని ఉండే రబ్బరు మూతి ఉంటుంది. ఏదైనా పని ఒకటే. నాలుగు చుట్లు తిరిగేసరికి లోపలి గాలి కొంత బయటికి పోయి, క్రాంక్‌కేసులో బయటికన్నా కాస్త తక్కువ ఒత్తిడి నిలబడుతుంది. అలా నిలబడినంత కాలం అతుకుల్లో చిన్న చిన్న సందులున్నా ఆయిల్ బయటికి రాదు. రావడానికి దాన్ని నెట్టేదేముంది?

రబ్బరు మూతి ఏళ్ల తరబడి ఆయిల్ వేడికి గట్టిపడి, పెదవులు విచ్చుకుని ఉండిపోతుంది. లేదా మడ్డి పేరుకుని మూసుకుపోతుంది. మొదటి రకంలో గాలి బయటికెంత పోతే లోపలికంత వస్తుంది, రెండో రకంలో అసలు పోదు. రెండింట్లోనూ ఒత్తిడి లోపలే ఉండిపోయి, అన్నిటికన్నా బలహీనమైన అతుకును వెతుక్కుంటుంది. ఆ అతుక్కి కొత్త ప్యాకింగు వేస్తే దాని తర్వాత బలహీనమైనది కారుతుంది. “అన్నీ మార్చాను, అయినా ఎక్కడో ఓ చోట కారుతూనే ఉంది” అనే వాళ్ల కథ చాలామట్టుకు ఇదే. చైను మీద చుక్కలు పడుతున్నాయని బ్రీదర్ పైపు చివర బోల్టు దూర్చి మూసేసిన ఘనులు కూడా ఉన్నారు.

పరీక్ష సులువు. ఇంజిను నెమ్మదిగా తిరుగుతుండగా, క్రాంక్‌కేసు నుంచి వచ్చే పైపు కొసకు వేలు దగ్గరగా పెట్టండి. గాలి తెరలు తెరలుగా బయటికి కొట్టాలి. మధ్యమధ్య వేలిని లోపలికి పీలుస్తుంటే వాల్వు పోయింది. ఏమీ తెలియకపోతే ఎక్కడో మూసుకుపోయింది. వాల్వు కొత్తదే అయినా పొగబండిలా కొడుతుంటే రింగులు, బోరు అరిగి మంట గాలి కిందకి దిగుతోందని అర్థం. అప్పుడు ప్రపంచంలో ఉన్న ప్యాకింగులన్నీ తెచ్చి వేసినా లీకు ఆగదు.

ఇంజిన్ అంతా చెమ్మ

అంతా అనే మాటే ఇక్కడ చిక్కు. గాలి వెనక్కి కొడుతుంది కాబట్టి ముందు కారిన ఆయిల్ వెనక కనిపిస్తుంది, పైన కారింది కింద చుక్కగా పడుతుంది. హెడ్డు మీద రాకర్లకు ఆయిల్ తెచ్చే సన్నపైపు బోల్టు దగ్గర సన్నగా చెమర్చినా అది రెక్కల మీదుగా జారి సిలిండరు అడుగున తేలుతుంది. చూసినవాడు బేస్ ప్యాకింగు పోయిందంటాడు. దాన్ని మార్చాలంటే సిలిండరు ఊడదీయాలి. సన్నపైపు వాషరు పది నిమిషాల పని. బిల్లులో తేడా మీకే తెలుసు.

అందుకని ముందు వెతకాలి. చల్లారిన ఇంజినును కిరసనాయిలు, బ్రష్షుతో కడిగి, బాగా ఆరనిచ్చి, అనుమానమున్న చోటల్లా మామూలు మొహం పౌడరు పలచగా చల్లండి. ఒక పది కిలోమీటర్లు నెమ్మదిగా తిప్పి తెచ్చి చూడండి. తెల్లటి పౌడరు మీద ముదురు గీత ఎక్కడ మొదలైందో అక్కడే లీకు. గీత అడుగు కాదు, గీత తల చూడాలి. పొడే కదా అని ముగ్గుపిండి మాత్రం చల్లకండి. అది రాతి పొడి, ఏ కొంచెం లోపలికి పోయినా సానపడుతుంది.

పోతే, ‘నూనె కారకపోతే అది బుల్లెట్టే కాదు’ అనే మురిపెం ఒకటుంది. వినడానికి బాగుంటుంది. కానీ చైన్ కేసు దగ్గర కారిన ఆయిల్ వెనక టైరు మీదకి చేరి, మలుపులో బండి జారితే ఆ మురిపెం మిగలదు. అతుకు చుట్టూ తడి మెరిస్తే పట్టించుకోనక్కర్లేదు. రాత్రి నిలిపితే పొద్దున నేల మీద అరచేయంత మరక ఉంటే పట్టించుకోవాలి.

హెడ్ కవర్, ట్యాపెట్ కవర్ ప్యాకింగులు

హెడ్డు మీద రెండు రాకర్ కవర్లు, సిలిండరు అడుగున కుడి పక్క ట్యాపెట్ కవరు ఒకటి. ట్యాపెట్ కవర్‌కు ఒకే ఒక నట్టు. పుష్‌రాడ్లను సర్దడానికి తరచూ తెరవాల్సిన తలుపు కాబట్టి ప్రతిసారీ ఇంకొంచెం బిగిస్తారు. ఆ ‘ఇంకొంచెం’తోనే మూత మధ్యలో లోపలికి వంగి, అంచులు పైకి లేస్తాయి. కార్కు ప్యాకింగు మధ్యలో నలిగి బయటికొస్తుంది, కొసల్లో మాత్రం తాకనే తాకదు. ఇక బిగించిన కొద్దీ కారుతుంది.

దీనికి మందు కొత్త ప్యాకింగు కాదు, మూతను చదును చేయడం. మందపాటి అద్దం పలక మీద నాలుగు వందల నంబరు ఎమరీ కాగితం పరిచి, నాలుగు చుక్కల నూనె వేసి, మూత ముఖాన్ని దాని మీద ఎనిమిది అంకె వేస్తున్నట్టు రుద్దాలి. మొదటి నాలుగైదు తిప్పుళ్లకే నిజం బయటపడుతుంది. ఎత్తుగా ఉన్న చోట్లు మెరుస్తాయి, పల్లంగా ఉన్నవి మసగ్గానే ఉంటాయి. చుట్టూ ఒకే మెరుపు వచ్చేదాకా రుద్ది, కిరసనాయిల్లో కడిగి, ఎమరీ రజను ఒక్క పిసరు కూడా మిగలకుండా తుడవాలి. కార్కును రాత్రంతా ఇంజినాయిల్లో నానేస్తే మెత్తబడి, పగలకుండా కూర్చుంటుంది. కొట్లో ఎండిపోయి కొలత తగ్గిన కార్కును లాగి సాగదీసి బిగించే తొందర వద్దు. నట్టును స్పానరుతో చేయి ఆగేదాకా తిప్పి, ఇంజిను ఒకసారి కాగి చల్లారాక మళ్లీ చూసుకుంటే చాలు.

చైన్ కేసు లీకు

ఎడమ పక్క పెద్ద మూత. చుట్టూ బోల్టులుండవు. మధ్యలో ఒక్క నట్టు, అంచు వెంబడి రబ్బరు. మధ్య నట్టు బిగిస్తే అంచంతా సమానంగా నొక్కుతుందని రూపకర్త నమ్మకం. రబ్బరు మెత్తగా, రెండు మూతల అంచులు తిన్నగా ఉన్నంత కాలం ఆ నమ్మకం నిలబడుతుంది. బండి ఎడమ పక్కకు ఓసారి పడి అంచు సొట్టపోయిందంటే నట్టును ఎంత బిగించినా లాభం లేదు.

బయటి లీకు సరే, లోపలి లీకును చీటీ రాసేవాడు కూడా మర్చిపోతాడు. ఇంజిను స్ప్రాకెట్టు వెనక క్రాంకు షాఫ్టు చుట్టూ ఒక ఆయిల్ సీలుంది. అది అరిగితే ఇంజిను ఒత్తిడి ఆయిల్‌ను చైన్ కేసులోకి నెడుతుంది. ఇంజిన్లో ఆయిల్ తగ్గుతుంది, కింద చుక్క పడదు, సైలెన్సరులో పొగ రాదు. “ఆయిల్ తాగేస్తోంది” అంటారు. చైన్ కేసు లెవెల్ స్క్రూ విప్పి చూడండి. పోసినంతకన్నా ఎక్కువ కారితే దొంగ దొరికినట్టే. కొత్త సీలు వేసేటప్పుడు దాని పెదవిలోని స్ప్రింగు ఆయిల్ వైపు ఉండాలి. సీలు ఆనే చోట షాఫ్టు మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా ఎక్కువ కాలం ఆగదు.

ఈ గదిలో పోసేది క్లచ్చు ప్లేట్లను తడుపుతుంది. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ అని ఉందా లేదా అని చూసుకోవలసింది ఇక్కడ. కార్లకు చేసిన కొన్ని ఆయిళ్లలో జారుడు పెంచే మందులు కలుపుతారు, అవి పడితే క్లచ్చు జారుతుంది. ఈ బండిలో ఇంజినాయిల్ క్లచ్చును తాకదు కాబట్టి ఇంజిను వరకు ఆ ముద్ర లేకపోయినా నష్టం లేదు. మూడు గదులు వేరుగా ఉండటంలో ఇదో సౌకర్యం.

గేర్‌బాక్స్ గ్రీజు

నాలుగు గేర్ల ఆల్బియన్ పెట్టె ఇది. కిక్‌రాడ్ షాఫ్టు దగ్గర, గేరు రాడ్డు దగ్గర పలుచని ఆయిల్‌ను ఆపేంత గట్టి సీళ్లు దీనికి మొదట్నుంచీ లేవు. ఉండాలని అనుకోనూ లేదు, ఎందుకంటే ఇది జారుగా ఉండే గ్రీజు కోసం చేసిన పెట్టె. అందులో ఆయిల్ మాత్రమే పోసి, కారుతోందని సీళ్ల కోసం కొట్లు తిరగడం దండగ.

అలాగని చక్రాల బేరింగులకు పెట్టే గట్టి గ్రీజు కూరితే ఇంకా ప్రమాదం. గేర్లు తిరిగేటప్పుడు దాన్ని పక్కలకు తోసేసి, తమ మట్టుకు ఒక సొరంగం చేసుకుంటాయి. తోసిన గ్రీజు గోడలకు అంటుకుని తిరిగి రాదు. మూత తీసి చూసినవాడికి పెట్టె నిండా గ్రీజు కనిపిస్తుంది, లోపల గేర్లు మాత్రం ఎండుగా తిరుగుతుంటాయి. కావలసింది గేర్ల వైపు మళ్లీ జారి వచ్చే గ్రీజు. నంబర్లలో చెప్పాలంటే 00 రకం. దొరకని ఊళ్లో మెకానిక్కులు మామూలు గ్రీజులో 90 నంబరు గేరాయిల్ కలిపి పలచన చేస్తారు, అది పాతకాలం నుంచి ఉన్న పద్ధతే. కలిపే గేరాయిల్ మీద జీఎల్-5 అని ఉంటే పక్కన పెట్టి జీఎల్-4 అడగండి. జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధకపు మందులు ఈ పెట్టెలోని కంచు బుష్షులకు పడకపోవచ్చు.

ఇంజినాయిల్ 20-50

డబ్బా మీద 20డబ్ల్యూ-50 అని ఉంటుంది. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ తీరు చెబుతుంది. 20డబ్ల్యూకు పెట్టే పరీక్షల్లో ఒకటి సున్నాకు కింద 15 డిగ్రీల దగ్గర జరుగుతుంది. లంబసింగిలో కూడా అంత చలి లేదు. కాబట్టి మనకు పనికొచ్చేది రెండో అంకె. ఇంజిను కాగి ఆయిల్ 100 డిగ్రీలకు చేరినప్పుడు 50 రకం చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. 40 రకమైతే 12.5 నుంచి 16.3 మధ్య. రెంటచింతల ఎండలో, ట్రాఫిక్కులో, గాలి తప్ప వేరే చల్లదనం లేని ఇనప సిలిండరుకు ఈ తేడా చిన్నది కాదు. పైగా ఈ ఇంజినులో కనెక్టింగ్ రాడ్డు పెద్ద తల తిరిగేది రోలర్ల మీద కాదు, ఫ్లోటింగ్ బుష్షు మీద. దానికీ లోహానికీ మధ్య ఆయిల్ పొర నిలబడితేనే అది బతుకుతుంది.

కొత్త ఆయిళ్లలో కామ్ అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరస్ తగ్గించేశారని ఓ భయం ప్రచారంలో ఉంది. 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం ప్రమాణం ఫాస్ఫరస్‌ను 0.08 శాతానికి దించిన మాట నిజమే. ఆ పరిమితి పలుచని రకాలకే. 20డబ్ల్యూ-50కి వర్తించదు. ఈ విషయంలో నిశ్చింతగా ఉండవచ్చు.

ఖరీదైన సింథటిక్ పోయాలా? నేను పోయను. అది చెడ్డదని కాదు. ఈ బండిలో ఫిల్టరు టైమింగ్ కవర్లో ఉండే ఫెల్టు ముక్క. సన్నటి మురికిని పట్టేంత శక్తి దానికి లేదు కాబట్టి, ఎంత మంచి ఆయిలైనా రెండు మూడు వేల కిలోమీటర్లకు మార్చాల్సిందే. పది వేలు మన్నే ఆయిల్ కొని రెండు వేలకు పారబోయడం ఎందుకు? మామూలు మినరల్ ఆయిల్ తరచూ మార్చండి. మార్చిన ప్రతిసారీ ఫిల్టరు గదిని కొత్త ఆయిల్‌తో నింపి మూయండి. తర్వాత ఇంజిను నెమ్మదిగా తిరుగుతుండగా హెడ్డు దగ్గర సన్నపైపు బోల్టును అర చుట్టు వదులు చేసి, ఆయిల్ ఊరుతోందో లేదో చూడండి. ప్రెషర్ మీటరు లేని బండికి ఇదే మీటరు.

రెండు లీటర్లు

లెక్క ప్రకారం సుమారు రెండుంపావు పడుతుంది. కానీ డ్రైన్ చేసినప్పుడు మూలల్లో కొంత మిగిలిపోతుంది కాబట్టి మెకానిక్ రెండు రాశాడు. తప్పు లేదు. తప్పు జరిగేది తర్వాత, ఇంటి దగ్గర.

ఈ ఇంజిను డ్రై సంపు రకం. ఆయిల్ ట్యాంకు వేరే వేలాడదు, క్రాంక్‌కేసుతో కలిపే పోతపోశారు. ఒక పంపు ట్యాంకు నుంచి తోడి పంపుతుంది, ఇంకోటి కిందకి చేరినదాన్ని ట్యాంకులోకి ఎత్తిపోస్తుంది. బండి వారాల తరబడి నిలబడితే అరిగిన పంపు సందుల్లోంచి ఆయిల్ మెల్లగా ట్యాంకు వదిలి క్రాంకు ఉన్న గదిలోకి దిగుతుంది. అప్పుడు పుల్ల తీసి చూస్తే ఆయిల్ సగానికి సగం లేదు. అయ్యో అని అర లీటరు పోస్తారు. కిక్కు కొట్టగానే రెండో పంపు కిందున్నదంతా ట్యాంకులోకి ఎత్తుతుంది, ట్యాంకు పట్టదు, మిగులు బ్రీదర్ దారిన కక్కుతుంది. చైను, టైరు, నేల అంతా ఆయిల్. మర్నాడు షెడ్డుకు తోసుకెళ్తే చీటీలో మళ్లీ ప్యాకింగులు.

ఐదారు కిలోమీటర్లు తిప్పి, ఆపి, రెండు నిమిషాలాగి, బండిని సెంటర్ స్టాండు మీద నిలబెట్టి అప్పుడు పుల్ల చూడండి. అదే అసలు కొలత. నిలవున్న బండిని తీసేటప్పుడు కూడా ఎక్కువ రేస్ చేయకుండా రెండు నిమిషాలు వదిలేస్తే రెండో పంపు తన పని తాను చేసుకుంటుంది.

డ్రైన్ వాషర్లు

రాగి వాషరైతే కొత్తది కొనక్కర్లేదు. ఒకసారి నలిగాక రాగి గట్టిపడుతుంది, అందుకే రెండోసారి కారుతుంది. గ్యాసు మంట మీద మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి నీళ్లలో వేస్తే మళ్లీ మెత్తబడుతుంది. పైన పట్టిన నల్లటి పొరను ఎమరీతో తీసేసి బిగించండి. ఫైబరు, అల్యూమినియం వాషర్లను ఇలా చేయకూడదు, మార్చేయాలి. అల్యూమినియం కేసులో మరలు పోయేది వాషరు పాతదై కారుతుంటే పానాతో ఇంకో పట్టు పట్టడం వల్లనే.

ఎనాబాండ్ ఒకటి

ఇది ఒక కంపెనీ పేరు. మన షెడ్లలో ఏ సిలికాన్ ట్యూబునైనా ఇలాగే అడుగుతారు. తప్పు ట్యూబుది కాదు, దాన్ని పిండే చేతిది. అతుకు మీద దారమంత మందం వేస్తే, మూత బిగించగానే సగం బయటికి, సగం లోపలికి వస్తుంది. బయటికొచ్చింది కళ్లకు కనిపిస్తుంది, తుడిచేస్తాం. లోపలికెళ్లింది వానపాముల్లా ఊడిపడి, ఆయిల్‌తో పాటు ప్రయాణించి, ఎక్కడ దారి సన్నగా ఉంటే అక్కడ అడ్డంపడుతుంది. టైమింగ్ కవర్లోంచే క్రాంకుకు ఆయిల్ పోయే దారి ఉంది. ఆ ముఖం మీద సిలికాన్ వద్దు, సరైన కాగితం ప్యాకింగు చాలు. చైన్ కేసులోని కరెంటు తీగలు బయటికొచ్చే రబ్బరు చుట్టూ మాత్రం ఒక వేలి పూత వేసుకోండి.

పాత ఆయిల్

ఇది చీటీలో లేదు గానీ ముందు రాయాల్సింది. డ్రైన్ చేసిన ఆయిల్‌ను కాలవలో పోయకూడదు. 2016 నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, తీసుకునే వాళ్లకే ఇవ్వాలి. ఇచ్చే ముందు తెల్లటి ప్లాస్టిక్ టబ్బులో పోసి ఎండలో ఒకసారి చూడండి. నల్లగా ఉంటే భయం లేదు. పాలు కలిపినట్టుంటే నీళ్లు చేరాయి. బండి తక్కువ తిరగడం వల్ల ఆవిరి లోపలే ఆగిందేమో ఆలోచించాలి. డ్రైన్ బోల్టు కొసకు పేస్టులా బూడిద రంగు మెత్తటి పొడి అంటుకుంటే అది మామూలు అరుగుదలే. రెండు వేళ్ల మధ్య నలిపితే గరుగ్గా తగిలే మెరుపు రేకులుంటే మాత్రం అది ప్యాకింగుల పని కాదు. ఆ చీటీని జేబులో పెట్టుకుని, మెకానిక్‌తో ముందు ఇంజిను విప్పించండి.